ఇద్దరు రామలింగారెడ్లు, ఐదుగురు జనార్దనరెడ్లు: వ్యాసానికి పేరు పెట్టేదెలా?

చెన్నై నుంచి మీరు రాసిన ప్రశ్న సారాంశం ఇది. తెలుగు వికీపీడియాలో తెలుగు రాష్ట్రాల, కర్ణాటక, తమిళనాడు శాసనసభ్యుల మీద వ్యాసాలు మొదలుపెట్టారు. ఒకే పేరున్నవాళ్లు అడుగడుగునా తగులుతున్నారు. ఒక మిత్రుడు బ్రాకెట్లో పార్టీ పేరు పెట్టమన్నాడు. ఇంకొకరు పుట్టిన సంవత్సరం అన్నారు. మీకేమో ఇనిషియల్స్ అన్నీ విప్పి రాసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అనిపిస్తోంది. ఏది మంచిది?

ఈ మూడూ నేను చేసి చూశాను, మూడింటితోనూ చేతులు కాల్చుకున్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

నేనుండేది బెంగళూరు బి.టి.ఎం. లేఅవుట్‌లో. 2020 ఆగస్టు, కరోనా రోజులు. మా పై అంతస్తులో అద్దెకున్న కుర్రాడిది సిద్దిపేట వైపు ఊరు. పొద్దున్నే మెట్లు దిగుతూ ఫోన్ చూసుకుని, మాస్కు కిందికి లాగి, "మా రామలింగన్న పోయిండు సార్" అన్నాడు. మా ఇంటి కిందే కిరాణా కొట్టు. కొట్టాయన కోలారు పక్క తెలుగాయన. ఆ మాట వినగానే చేతిలో పప్పు పొట్లం అలాగే పట్టుకుని "ఎవురు, రామలింగారెడ్డా? మొన్న గదప్పా టీవీలో చూస్తిమి!" అని బయటికొచ్చేశాడు. ఆయన టెన్షన్ ఆయనది, ఈ కుర్రాడి బాధ ఈ కుర్రాడిది. చనిపోయింది దుబ్బాక ఎమ్మెల్యే సోలిపేట రామలింగారెడ్డి. కొట్టాయన కంగారుపడింది మా బి.టి.ఎం. ఎమ్మెల్యే, కర్ణాటకలో హోం మంత్రిగా కూడా చేసిన రామలింగారెడ్డి గురించి. ఆయన నిక్షేపంగా ఉన్నారు.

ఆ పూట నవ్వుకున్నాను గానీ, మూడు నెలలకు నేనూ అదే పని చేశాను. దుబ్బాక ఉప ఎన్నిక మీద రాస్తూ "రామలింగారెడ్డి మరణంతో" అని, పేరుకు చతురస్ర బ్రాకెట్లు తగిలించి (వికీలో లింకు ఇచ్చేది అలాగే) సేవ్ చేశాను. ఆ లింకు తిన్నగా బెంగళూరు ఆయన పేజీకి పోయింది. బతికున్న మనిషి పేజీకి ఆయన మరణవార్తను నేనే అంటించాను. నాలుగు రోజుల తరవాత ఎవరో చెబితే గాని నాకు తెలియలేదు. తప్పు నాదే, కానీ పేజీకి ఉత్త "రామలింగారెడ్డి" అని శీర్షిక ఉండడం వల్లే అది అంత సులువుగా జరిగింది.

ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం. శీర్షిక అంటే వ్యాసానికి తలకట్టు అనుకుంటాం. దాన్ని ఎక్కువగా వాడేది ఆ వ్యాసం చదివేవాళ్లు కారు. వేరే వ్యాసం రాస్తూ లింకు ఇచ్చేవాడు, వెతుకుడు పెట్టెలో నాలుగక్షరాలు కొట్టి కింద వచ్చే వరసలోంచి ఏరుకునేవాడు, వర్గం పేజీలో పేర్ల జాబితా చూసేవాడు: వాళ్లే ఎక్కువ. వాళ్ల ముందు మీ వ్యాసం ఉండదు, శీర్షిక ఒక్కటే ఉంటుంది. అది చూసి "నేను వెతికేది ఈయన్నే" అనో "ఈయన కాదు" అనో తేల్చుకోవాలి. అంటే మీరు తగిలించే గుర్తు వాళ్లకు ముందే తెలిసినదై ఉండాలి. రేపు మారిపోనిదై కూడా ఉండాలి. ఈ రెండింటికీ నిలబడే గుర్తులు చాలా తక్కువ.

పార్టీ సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక. గాలి జనార్దనరెడ్డిని తీసుకోండి. బీజేపీ ప్రభుత్వంలో మంత్రిగా చేశారు, 2022 చివర్లో సొంత పార్టీ పెట్టారు, 2023లో ఆ పార్టీ తరఫునే గంగావతిలో గెలిచారు, 2024 మార్చిలో పార్టీని మళ్లీ బీజేపీలో కలిపేశారు. నాగం జనార్దనరెడ్డి తెలుగుదేశం నుంచి బీజేపీకి, అక్కణ్ణుంచి కాంగ్రెస్‌కు, 2023లో బీఆర్ఎస్‌కు వెళ్లారు. బ్రాకెట్లో పార్టీ పెట్టి ఉంటే ఆ పేజీని ఎన్నిసార్లు తరలించాలో, అంటే కొత్త శీర్షికకు మార్చాలో, లెక్కేసుకోండి. పైగా పార్టీ పేర్లే మారతాయి: టీఆర్ఎస్ 2022లో బీఆర్ఎస్ అయింది. "ఎమ్మెల్యే", "మంత్రి", "మాజీ మంత్రి" లాంటివీ అంతే. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ శీర్షికలు దులపాల్సి వస్తుంది.

నియోజకవర్గం కాస్త గట్టిదనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని చాలాకాలం వాడాను. మా ఇద్దరు రామలింగారెడ్లనే చూడండి. బెంగళూరు ఆయన 2008కి ముందు జయనగర్ నుంచి గెలిచేవారు, నియోజకవర్గాల పునర్విభజన తరవాత బి.టి.ఎం. లేఅవుట్. దుబ్బాక ఆయన 2004లో గెలిచింది దొమ్మాట నుంచి. అదే పునర్విభజనలో దొమ్మాట పోయి దుబ్బాక వచ్చింది. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, నియోజకవర్గం పేర్లే మారాయి. ఇక పెద్ద నాయకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నేదురుమల్లి జనార్దనరెడ్డిది నెల్లూరు జిల్లా. లోక్‌సభకు మాత్రం 1998లో బాపట్ల, 1999లో నరసరావుపేట, 2004లో విశాఖపట్నం. పి.వి. నరసింహారావు హనుమకొండ నుంచి గెలిచారు, మహారాష్ట్రలో రాంటెక్ నుంచి గెలిచారు, నంద్యాల నుంచి గెలిచారు, ఒడిశాలో బరంపురం నుంచి కూడా గెలిచారు. బ్రాకెట్లో ఏది పెడతారు?

రాష్ట్రం? అదీ జాగ్రత్తగానే. 1956 నుంచి 2014 జూన్ 2 దాకా తెలంగాణ శాసనసభ్యులంతా ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కూర్చున్నవాళ్లే. కర్ణాటకకు ఆ పేరు 1973 నవంబరులో వచ్చింది. తమిళనాడుకు 1969 జనవరిలో. రాజ్యసభ సభ్యులైతే సొంత రాష్ట్రం వేరు, పంపిన రాష్ట్రం వేరు: వెంకయ్యనాయుడు నెల్లూరు జిల్లావారు, 1998 నుంచి 2016 దాకా రాజ్యసభకు వెళ్లింది కర్ణాటక నుంచి. అయినా నా అనుభవంలో బ్రాకెట్ తప్పనిసరి అయినప్పుడు రాష్ట్రమే అన్నిటికన్నా తక్కువ ఇబ్బంది పెడుతుంది. చదివేవాడికి కనీసం అది తెలిసి ఉంటుంది.

పుట్టిన ఏడాది మారదు, నిజమే. కానీ అది ఎవరికి తెలుసు? "జనార్దనరెడ్డి (జననం 1935)" అని చూసి అది నేదురుమల్లి అని గుర్తుపట్టేవాళ్లు మీ వీధిలో ఎంతమంది ఉంటారు? ఇంకో చిక్కూ ఉంది. మన నాయకుల పుట్టిన తేదీలు చాలావాటికి బడిలో వేయించినవే ఆధారం. ఎన్నికల అఫిడవిట్‌లో ఉండేది వయసు. అందులోంచి ఏడాది లెక్కకడితే ఒకటి అటూ ఇటూ అవుతుంది. శీర్షికలోకి ఎక్కిన తప్పు ఏడాది మాత్రం ఎక్కడెక్కడికో పాకుతుంది. వేరే దారి ఏదీ లేనప్పుడు, అచ్చులో గట్టి ఆధారం ఉంటే, అప్పుడే వాడండి.

"(రాజకీయ నాయకుడు)" అనేది రెండోవాడు ఇంకేదైనా వృత్తిలో ఉంటేనే పనికొస్తుంది. మన దగ్గర అదీ కుదరదు, సినిమావాళ్లే రాజకీయాల్లోకి వస్తారు. మండ్య అంబరీశ్‌ను నటుడంటారా, నాయకుడంటారా?

మరి ఏం చేయాలి? మన ఊళ్లలో ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ఒకే వీధిలో ముగ్గురు వెంకటరెడ్లుంటే మిద్దింటి వెంకటరెడ్డి, కట్టకింద వెంకటరెడ్డి, చిన్న వెంకటరెడ్డి. ఎవరూ పుట్టిన ఏడాది చెప్పరు. అసలు మన ఇంటిపేర్లు చాలావరకు ఇలా పుట్టినవే, ఊరో వృత్తో ఏదో ఒకటి చూసి అతికించినవి. ఎన్నికల చట్టం కూడా ఊరివాళ్ల దారే పట్టింది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో ఒకే పేరున్న అభ్యర్థులు ఇద్దరో ముగ్గురో ఉంటే వృత్తినో నివాసాన్నో చేర్చి, లేదా మరో విధంగా, వేరుగా చూపాలని ఉంది. అదీ చాలక 2015 మే నుంచి బ్యాలెట్ మీద ఫొటో కూడా వేస్తున్నారు. ఆ అవసరం ఎందుకొచ్చిందో మీ తమిళనాడు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో రామనాథపురంలో ఓ. పన్నీర్‌సెల్వం పనసపండు గుర్తు మీద నిలబడితే అదే పేరు, అదే ఇనిషియల్‌తో ఇంకొందరు నామినేషన్లు వేశారు. బ్యాలెట్‌కు ఫొటో, గుర్తు తోడున్నాయి. మన శీర్షికకు అక్షరాలు తప్ప ఏమీ లేవు.

కాబట్టి తెలుగు నాయకులకు నా మొదటి మాట: ఇంటిపేరు పూర్తిగా రాయండి, బ్రాకెట్ జోలికి పోకండి. నేదురుమల్లి జనార్దనరెడ్డి, గాలి జనార్దనరెడ్డి, నాగం జనార్దనరెడ్డి. ఏ గుర్తూ తగిలించకుండానే ముగ్గురూ ముగ్గురుగా నిలబడ్డారు. ఐదుగురన్నాను కదా, మిగతా ఇద్దరు పీజేఆర్, బనగానపల్లె బి.సి. జనార్దనరెడ్డి. వీళ్ల దగ్గర ఇంటిపేరు విప్పకండి. ఖైరతాబాద్‌లో దశాబ్దాల పాటు పీజేఆర్ అంటే పీజేఆరే. పి అంటే ఏమిటో ఆ పేట వాళ్లలోనే చాలామంది చెప్పలేరు. "పి. జనార్దనరెడ్డి" అనే శీర్షిక ఉంచి, "పీజేఆర్" నుంచి దారిమార్పు (ఆ పేరు కొడితే ఈ పేజీకి తెచ్చే ఏర్పాటు) ఇస్తే సరి. బనగానపల్లె ఆయనా అంతే, బి.సి. అనే రెండక్షరాలే ఆయన ఇంటిపేరులా చెలామణీ అవుతున్నాయి. విప్పితే స్పష్టత పెరగదు, ఉన్న గుర్తూ పోతుంది.

ప్రభాకర్ రెడ్లదీ ఇదే కథ. తాడిపత్రి జె.సి., నెల్లూరు ఎంపీ వేమిరెడ్డి, దుబ్బాక కొత్త ప్రభాకర్ రెడ్డి, మునుగోడు కూసుకుంట్ల, ఇంకా సినిమా నటుడు ప్రభాకర్ రెడ్డి. మొదటి నలుగురికీ గుర్తు ముందే ఉంది. ఐదో ఆయనకు మాత్రమే బ్రాకెట్లో "నటుడు" కావాలి. మహిళా నేతల విషయంలో పుట్టింటి ఇంటిపేరా, అత్తింటిదా అని తల పట్టుకోకండి. పరిటాల సునీత, గొంగిడి సునీత, సునీతా లక్ష్మారెడ్డి. జనం నోట ఎలా ఉందో అలాగే. మూడో పేరులో ఇంటిపేరే లేదు, భర్త పేరుంది. ఉండనివ్వండి, ఆమెను అందరూ పిలిచేది అలాగే.

ఇంటిపేరు కూడా చేతులెత్తేసే చోటు ఒకటుంది. తాతపేరు మనవడికి పెట్టే అలవాటు మనది. నందమూరి తారక రామారావు ఇద్దరున్నారు, ఇంటిపేరుతో సహా ఒక్క అక్షరం తేడా లేకుండా. అక్కడ "జూనియర్" అని జనమే కనిపెట్టిన గుర్తు దిక్కయింది. ఇంకో తారక రామారావు ఉన్నారు, కల్వకుంట్ల. అక్కడ ఇంటిపేరు కాపాడింది.

ఇప్పుడు మీ మూడో ఆలోచనకు వస్తాను, ఇనిషియల్స్ విప్పడం. ఇదే అసలు మందుపాతర. ముఖ్యంగా చెన్నైలోనో బెంగళూరులోనో కూర్చుని తెలుగులో రాసేవాళ్లకు.

మనకు పేరు ముందు అక్షరం కనబడితే అది ఇంటిపేరే. పి.వి. అంటే పాములపర్తి వెంకట. మొదటి అక్షరం ఇంటిపేరు అన్నది మన బుర్రలో ఎంత ముద్రపడిందంటే, వేరేలా ఉంటుందని తోచదు. తమిళంలో ఆ అక్షరం సాధారణంగా తండ్రిది. ఓ. పన్నీర్‌సెల్వంలో ఓ అంటే తండ్రి ఒట్టకార తేవర్. ఎం.కె. స్టాలిన్ అంటే ముత్తువేల్ కరుణానిధి స్టాలిన్, తాత పేరు, తండ్రి పేరు, తన పేరు. కొడుకు దగ్గరికి వచ్చేసరికి తండ్రి పేరు వెనక్కి పోయి ఉదయనిధి స్టాలిన్ అయింది. నేను కొత్తలో ఒక జాబితా చేస్తూ, ఇంటిపేరు అనే గడిలో ధీమాగా "ముత్తువేల్" అని నింపాను. చెన్నైలో ఉండే మా మేనమామ చూసి, "ఒరే, అది వాళ్ల తాత పేరురా, రేపు ఉదయనిధి ఇంటిపేరు స్టాలిన్ అని రాస్తావా ఏంటి" అని వాయించాడు. రాసేవాణ్ణే, నిజానికి.

కన్నడంలో ఇంకో తీరు. పాత మైసూరు వైపు మొదటి అక్షరం ఊరు, రెండోది తండ్రి. ఎస్.ఎం. కృష్ణ అంటే సోమనహళ్లి మల్లయ్య కృష్ణ. బి.ఎస్. యడియూరప్ప అంటే బూకనకెరె సిద్ధలింగప్ప యడియూరప్ప. తమాషా ఎక్కడంటే దేవెగౌడ కుటుంబంలో. హెచ్.డి. దేవెగౌడ, హెచ్.డి. కుమారస్వామి. అక్షరాలు రెండూ ఒకటే కదా, ఇంటిపేరే అయ్యుంటుంది అనిపిస్తుంది. హెచ్ హరదనహళ్లి, ఊరు, ఇద్దరికీ ఒకటే. డి మాత్రం తండ్రి దగ్గర దొడ్డేగౌడ, కొడుకు దగ్గర దేవెగౌడ. "హెచ్.డి. వారి కుటుంబం" అని ఎవరైనా రాస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి కె.సి. రెడ్డి. కోలారు బంగారు గనుల పక్క క్యాసంబళ్లి ఆయన ఊరు. కె అంటే ఆ ఊరే. సి అంటే చెంగలరాయ, అదే ఆయన అసలు పేరు! పేరంతా ఒక్క అక్షరంలోకి ముడుచుకుపోయి రెడ్డి ఒక్కటీ బయట మిగిలింది. పూర్తిగా "క్యాసంబళ్లి చెంగలరాయ రెడ్డి" అని శీర్షిక పెడితే బెంగళూరులో ఎవరూ పోల్చుకోరు. "కె.సి. రెడ్డి" అని పెట్టి, విప్పిన రూపాన్ని వ్యాసం మొదటి వాక్యంలో రాసి, దాన్నుంచి దారిమార్పు ఇవ్వడమే మర్యాద.

అందుకని మీ చెన్నై జాబితాకు నా సలహా: తమిళ, కన్నడ నాయకుల ఇనిషియల్స్ ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. పన్నీర్‌సెల్వాలనే తీసుకుంటే ఓ. పన్నీర్‌సెల్వం, ఎం.ఆర్.కె. పన్నీర్‌సెల్వం, జస్టిస్ పార్టీ నాటి ఎ.టి. పన్నీర్‌సెల్వం, 1940 మార్చిలో ఒమన్ సింధుశాఖ మీదుగా వెళ్తూ మాయమైన విమానంలో పోయినాయన. ముగ్గురినీ ఇనిషియల్సే శుభ్రంగా విడదీస్తున్నాయి. విప్పితే ముగ్గురూ మన పాఠకుడికి కొత్తవాళ్లయిపోతారు.

ఎ.టి. పన్నీర్‌సెల్వానికి సర్ బిరుదు ఉండేది. సర్, డాక్టర్, జననేత, అన్న, ఇవేవీ శీర్షికలోకి రాకూడదు. దీనికి ఒకటే మినహాయింపు, బిరుదే పేరైపోయినవాళ్లు. మీరు టి. నగర్ వెళ్తే పానగల్ పార్కు దాటకుండా వెళ్లలేరు కదా. ఆ పానగల్ రాజా అసలు పేరు పానగంటి రామారాయణింగారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి. పానగల్ రాజా అనే శీర్షికకు నా ఓటు. కానీ అదే సూత్రంతో బొబ్బిలి రాజా అని పెట్టకండి. 1932లో ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి అయింది రామకృష్ణ రంగారావు. 1757 బొబ్బిలి యుద్ధం నాటి రాజా కూడా రంగారావే. ఈమధ్య మంత్రిగా చేసింది సుజయ్ కృష్ణ రంగారావు. ఆ వంశంలో రంగారావు అనే మాట దాదాపు ఇంటిపేరే. అక్కడ ముందున్న పేరు మొత్తం రాయాల్సిందే. ఉత్త "బొబ్బిలి రంగారావు" అయోమయ నివృత్తి పేజీ కావాలి, అంటే ఆ పేరున్న అందరి పేజీలకూ లింకులిచ్చే జాబితా.

ఆ పేజీ ఎప్పుడు కావాలి, ఉత్త పేరును ఒకరికే ఎప్పుడు ఇచ్చేయొచ్చు అని కూడా మీరు అడగబోతారు. నేను చేసేది చాలా మోటు పద్ధతి. ఆ పేరు రెండు ఊళ్లలో ఇద్దరి ముందు అని చూస్తాను. జయలలిత అంటే ఎక్కడైనా ఒకరే, పేజీ ఆమెకిచ్చి, పైన "ఇతరుల కోసం" అని ఒక వరుస పెడితే చాలు. రామలింగారెడ్డి అంటే మా కొట్టాయనకు ఒకరు, పైనుండే కుర్రాడికి ఇంకొకరు. అలాంటి పేరు ఎవరికీ ఇవ్వకూడదు, ఎంత పెద్ద మంత్రి అయినా సరే. సంజీవరెడ్డి దగ్గర నేను చాలాసార్లు ఊగిసలాడాను. రాష్ట్రపతిగా చేసిన నీలం సంజీవరెడ్డికి ఇచ్చేయొచ్చు అనిపిస్తుంది. కానీ కార్మిక సంఘాల వార్తల్లో సంజీవరెడ్డి అంటే ఐఎన్‌టీయూసీ జి. సంజీవరెడ్డే, హైదరాబాదులో సంజీవరెడ్డి నగర్ కూడా ఉంది. చివరికి అయోమయ నివృత్తి వైపే మొగ్గాను. ఒక క్లిక్కు ఎక్కువ పడుతుందని కొందరు గొణుగుతారు. తప్పుడు మనిషి పేజీలో దిగడం కన్నా ఆ క్లిక్కు నయం.

అక్షరాల సంగతి ఒకటి చెప్పి పని పద్ధతికి వస్తాను. మనకు ఒకటే అనిపించేవి కంప్యూటర్‌కు వేరువేరు. జనార్దనరెడ్డి, జనార్దన రెడ్డి, జనార్దన్ రెడ్డి, జనార్ధన్ రెడ్డి: నాలుగు శీర్షికలు. వీటిలో ఒత్తు ధ ఉన్నది తప్పు, సంస్కృతంలో జనార్దనుడే. ఇంగ్లీషులో డి పక్కన హెచ్ రాసే దక్షిణాది అలవాటును మళ్లీ తెలుగులోకి తిప్పేటప్పుడు పుట్టిన ఒత్తు అది. తప్పని కొట్టిపారేయకండి, సగం మంది అలాగే వెతుకుతారు, దారిమార్పు పెట్టండి. ఇనిషియల్ చుక్క తరవాత ఖాళీ ఉందా లేదా, కె అని రాశారా కే అనా, ఇవన్నీ కూడా అంతే. పన్నీర్‌సెల్వం లాంటి పేర్లలో ర్ పక్కన కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, పొల్లును తరవాతి హల్లుకు ఒత్తుగా మారనివ్వకుండా ఆపేది. అది వేయని కీబోర్డుతో కొట్టినవాడికి "పన్నీర్సెల్వం" వస్తుంది, మీ పేజీ దొరకదు. పళనిస్వామి, పళనిసామి రెండు రూపాలూ పత్రికల్లో కనబడతాయి, రెండూ ఉంచండి. దారిమార్పులకు డబ్బులు పోవు.

పేజీ తరలించేటప్పుడు చాలామంది తరలించేసి వెళ్లిపోతారు. అలా చేయకండి. ముందు పక్క పట్టీలో "ఇక్కడికి లింకున్న పేజీలు" తెరిచి, ఒక్కొక్కటీ ఏ మనిషి గురించో చదివి లింకు మార్చండి. బెంగళూరు ఆయనకు ఇచ్చిన లింకుల్లో దుబ్బాకవి రెండో మూడో కలిసే ఉంటాయని నా పందెం. అదయ్యాక తరలించండి. ఆ తరవాత ఉత్త పేరు మీద మిగిలే దారిమార్పును తీసి అయోమయ నివృత్తి పేజీగా మార్చండి. అందులో ఒక్కో పేరు పక్కన ఒక్క వాక్యం చాలు. పార్టీలు, పదవులు, నియోజకవర్గాలు అన్నీ అక్కడ రాసుకోండి, మారితే దిద్దుకోవచ్చు. మారేవాటికి చోటు అది. వికీపీడియాకు తోడుగా ఉండే సమాచార నిధి వికీడేటాలో కూడా ఇద్దరికీ ఒకే పేరు ఉండొచ్చు గానీ పేరుతో పాటు వివరణ కూడా ఒకటే అయితే అది ఒప్పుకోదు. "భారతీయ రాజకీయ నాయకుడు" అని అందరికీ ఒకే ముద్ర వేయకుండా ఇంకో రెండు మాటలు చేర్చండి, ఫోన్‌లో వెతికేవాళ్లకు పేరు కింద కనబడేది అదే.

బ్రాకెట్ ఉన్న శీర్షికకు లింకు ఇవ్వాలంటే బద్ధకించక్కర్లేదు. బ్రాకెట్‌తో సహా పేరు రాసి చివర నిలువుగీత ఒకటి కొట్టి వదిలేస్తే, సేవ్ చేసినప్పుడు బ్రాకెట్ భాగం పాఠకుడికి కనబడకుండా అదే దాచేస్తుంది.

ఇక ఇద్దరు రామలింగారెడ్ల విషయంలో నా తీర్పు అడిగితే: దుబ్బాక ఆయనకు "సోలిపేట రామలింగారెడ్డి", బ్రాకెట్ వద్దు. బెంగళూరు ఆయనకు జనం నోట ఇంటిపేరూ లేదు, ఇనిషియల్‌తో పిలవడమూ లేదు, కాబట్టి "రామలింగారెడ్డి (కర్ణాటక)". "కర్ణాటక రాజకీయ నాయకుడు" అని పొడుగు చేయాల్సిన పని లేదు. 2023లో రవాణా మంత్రి అయ్యారు కదా అని ఎవరైనా "(మంత్రి)" అని మారిస్తే వెనక్కి తిప్పకుండా ముందు చర్చ పేజీలో రాయండి, వారం ఆగండి. పోట్లాట పెరిగితే రచ్చబండలో (తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీ) పెట్టి నాకు ఒక మాట చెప్పండి, వచ్చి నా దుబ్బాక లింకు కథ నేనే చెబుతాను.